వేట లేని షికారు

మాటలు కూడా ఊరు మారితే బుద్ధి మార్చుకుంటాయి. ‘షికారు’ అందుకు సాక్ష్యం. పారశీకంలో దాని అర్థం వేట. గుర్రాలు, తుపాకులు, డప్పులు కొట్టి మృగాన్ని పొదల్లోంచి తరిమే కూలీలు, చివరికి నేలకొరిగిన పులి మీద కాలు మోపి దొరవారు తీయించుకున్న ఫొటో... ఆ మాట వెనకాల ఇంత పటాలం ఉండేది. అదే మాట తెలుగు గడప తొక్కేసరికి తుపాకీని గుమ్మం బయటే వదిలేసింది. సాయంత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, పిల్లవాడికి వేలు అందించి, ఏ పనీ పెట్టుకోకుండా ఏటిగట్టు దాకా నడిచి రావడం మన షికారు. అందులో చచ్చే జంతువు లేదు, గెలిచే మనిషీ లేడు. వెళ్లేటప్పుడు చేతులు ఎంత ఖాళీయో వచ్చేటప్పుడూ అంతే. మహా అయితే దారిలో కొన్న వేరుసెనక్కాయల పొట్లం ఒకటి, అదీ ఇల్లు చేరేలోపే హరీ! వేట మాటలోంచి నెత్తురు కడిగేసి నడకను నింపుకొన్నవాళ్లం మనం. వారాంతం వచ్చినప్పుడల్లా ఆ సంగతి ఒకసారి తలచుకోవడం మంచిది.

ఆ వరసలోదే ఇంకో మాట, తీరిక. ఖాళీ దానంతటది మిగిలిపోతుంది. బస్సు రాకపోయినా, కరెంటు పోయినా ఖాళీ దొరుకుతుంది. తీరికను మాత్రం చేసుకోవాలి. ‘ఖాళీగా ఉంటే రండి’ అన్నది మొహమాటపు పిలుపు. ‘తీరిక చేసుకుని రండి’ అన్నప్పుడే గుమ్మంలో మనకోసం ఒకరు ఎదురుచూస్తారన్న భరోసా. రేపటి పని రేపటికే ఉంటుందని తెలిసీ, ఇవాళ్టికి దాన్ని పక్కన పెట్టగలగడం తీరిక. అది గడియారం ఇచ్చేది కాదు.

అసలు మన ఆదివారమూ ఎవరో చేసుకున్న తీరికే. వీధిబడుల కాలంలో ఆటవిడుపు వారాన్ని బట్టి కాదు, తిథిని బట్టి వచ్చేది. అమావాస్య, పౌర్ణమి, అష్టమి, పాడ్యమి పంతులుగారి బెత్తానికి సెలవు. తెల్లదొరల కచేరీలకు ఆదివారం విశ్రాంతి వచ్చినా, బొంబాయి మిల్లుల్లో మగ్గం ముందు నిలబడ్డవాడికి రాలేదు. సత్యశోధక సమాజంలో జోతిరావు ఫులే వెంట నడిచిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో ఆ కార్మికులను కూడగట్టి వారానికి ఒకరోజు సెలవు కావాలని అడిగారు. అది దక్కేసరికి ఆరేళ్లు పట్టింది. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు తలవంచారు. స్వతంత్రం వచ్చాక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పనిని, ఒక సెలవు దినాన్ని కార్మికుడి హక్కుగా రాసిపెట్టింది. 1985లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అయిదు రోజుల వారం వచ్చింది. మనం పక్కమీద అటూ ఇటూ దొర్లుతూ తెల్లారనిచ్చే ఆదివారం వెనక ఇంతమంది పెనుగులాట ఉంది. దాన్ని ఎలా ఖర్చు పెడుతున్నామన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

ఆదివారం కావాలని మరాఠా కార్మికులు అడగడానికి ఇంకో కారణమూ ఉంది. అది వాళ్ల ఖండోబా దేవుడి వారం. ఆ ఖండోబాయే మనకు మల్లన్న. కొమురవెల్లిలో సంక్రాంతి తరవాతి ఆదివారం మొదలుకొని ఉగాది దాకా ప్రతి ఆదివారమూ జాతరే. మొదటిదాన్ని పట్నం వారమంటారు, హైదరాబాదు జనం కదిలివచ్చే రోజు కాబట్టి. చెట్టు కింద బోనం వండుకుని, గుట్టెక్కి దండం పెట్టుకుని, రాత్రి అక్కడే చాపలు పరుచుకుని, పొద్దున్నే ఇంటిదారి పట్టే ఆ కుటుంబాలను ‘వారాంతపు విహారం ఎలా ఉంది’ అని అడిగితే నవ్వుతారు. మొక్కు, వంట, కబుర్లు, నిద్ర అన్నీ కలిసిన ఆ రెండు రోజులకు వాళ్లు పెట్టుకున్న పేరు ఒక్కటే, జాతర. సరదాకూ భక్తికీ నడుమ గోడ కట్టుకోని మనుషులకు విడిగా విహారయాత్ర అక్కర్లేదు.

మన సంగతే తిరగబడుతోంది. తుపాకీ దించిన షికారు మళ్లీ వేటకు బయల్దేరింది. ‘రెండు రోజుల్లో ఏడు ప్లేసులు కవర్ చేశాం’ అంటాడు తిరిగొచ్చినవాడు. ఆ గొంతులో పులిచర్మం మోసుకొచ్చిన దర్పం వినిపిస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ చూడండి. శీతకాలంలో తెల్లవారుజామున చీకట్లోనే ఫోను వెలుగులో కొండెక్కుతారు. కాసేపటికి లోయంతా పాలు పొంగినట్టు మేఘం కమ్ముకుంటుంది. దాని అంచున సూర్యుడు ఎర్రగా తొంగిచూస్తాడు. సరిగ్గా ఆ క్షణాన అక్కడున్నవాళ్లలో సగంమంది గిర్రున వెనక్కి తిరిగి సూర్యుడికి వీపు చూపిస్తారు. చేయి చాచి, మెడ వంచి, తెరమీద తమ భుజం పక్కన ఉదయించే సూర్యుణ్ని పట్టుకునే ప్రయత్నం. చిక్కగానే దిగుడు. వెనక మిగిలేవి నీళ్ల సీసాలు, చిప్సు పొట్లాలు. పులి మీద కాలు మోపిన దొరవారి ఫొటోకూ దీనికీ తేడా ఎంత? పులి బతికి ఉంది, అంతే.

ఫొటో తీసుకోవద్దని కాదు. పెళ్లయిన కొత్తలో స్టూడియోకు వెళ్లి, కాగితపు తాజ్‌మహల్ ముందు నిలబడి బొమ్మ దిగని జంటలెన్ని? గుర్తు పెట్టుకోవాలన్న ఆశ మనిషికి సహజం. కాకుంటే మనకోసం తీసుకున్నది పెట్టెలో ఉంటుంది. నలుగురి మెప్పుకోసం తీసుకున్నదానికి ఎన్ని లైకులొచ్చాయో రాత్రి పొద్దుపోయేదాకా చూసుకుంటూనే ఉండాలి. సెలవు రోజున కూడా లెక్క అప్పజెప్పవలసి వస్తే దాన్ని సెలవనడం ఎలా?

చిన్న షికార్లకు ఈ బెడద ఉండదు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దిగితే వాటి ముందు కాలిబాటలు పుస్తకాల దుకాణాలవుతాయి. పట్టాల మీద గుట్టలుగా పోసిన పాత పుస్తకాల ముందు మూడు తరాలు గొంతుకూర్చుంటాయి. పోటీ పరీక్షల పుస్తకం కోసమని వచ్చిన తండ్రి అట్ట చిరిగిన చందమామ కట్ట దగ్గర ఆగిపోతాడు. కొడుకు అదే గుట్టలోంచి కామిక్సు లాగుతాడు. ఏదో నవల తెరిస్తే మొదటి పేజీలో ఎవరి చేతిరాతో, ‘చి.సౌ. చెల్లాయికి పుట్టినరోజు కానుకగా, అన్నయ్య’ అని, కింద ఏనాటిదో తేదీ. ఆ అన్నయ్య ఎవరో, చెల్లాయి ఇప్పుడెక్కడుందో! ‘ఎంతకిస్తావు’, ‘వంద’, ‘యాభైకి ఇయ్యి’, ‘డెబ్బైకి తీస్కో సార్’... ఈ బేరం అయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. ‘కవర్’ చేసింది కాలిబాట మీద రెండు వందల అడుగులు. కానీ ఆ పూట తండ్రి తన చిన్నప్పటి విక్రమార్కుడు, బేతాళుడి కథ ఒకటి కొడుక్కి చెప్పి ఉంటాడు.

చిన్న షికార్లకు పెద్దమ్మ కార్తిక వనభోజనం. ఊరి చివర తోట, ఓ మూల ఉసిరిచెట్టు, మూడు రాళ్ల పొయ్యి, పచ్చి కట్టెలు, కళ్లు మండించే పొగ. ఏడాది పొడుగునా కుర్చీలోంచి లేవకుండా ‘కాఫీ’ అని కేకేసే పెద్దమనిషి ఆ రోజు పంచె ఎగ్గట్టి పొయ్యి ముందు విసనకర్రతో కూర్చుంటాడు. కంద బచ్చలి కూరకు కంద తరిగే పూచీ కొత్త బావగారిది. అరగంటలో రెండు చేతులూ దురదలెక్కి, చింతపండు రుద్దుకుంటూ ఆయన బావి చుట్టూ తిరుగుతుంటే మరదళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ రోజున కందకూ కత్తిపీటకూ రాని దురద బావగారిదే. పులిహోర కలిపినవాళ్లు పదిమంది, ఉప్పు వేశారా అని అడిగినవాళ్లు పదిమంది, వేసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. విస్తళ్ల ముందు కూర్చున్నాక బామ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ‘పథ్యం కూడులా ఉందర్రా’ అంటుంది. ఇరవై ఏళ్ల తరవాత ఆ తోట లేకపోవచ్చు, బామ్మా లేకపోవచ్చు. ఏ పెళ్లిలోనో పులిహోర వడ్డిస్తుంటే ఆ మాట మళ్లీ విస్తట్లోకి వస్తుంది. అన్నీ సవ్యంగా జరిగిన విందులను మరచిపోతాం. ఉప్పు మరచిన వనభోజనాన్ని ఎవరూ మరచిపోరు.

ఒక్కమాట అనక తప్పదు. ఉసిరిచెట్టు నీడకు కులం లేదు. కార్తికం రాగానే పత్రికల్లో ఫలానా కులస్థుల వనభోజనాలంటూ వరసగా కనిపించే ప్రకటనలు చూస్తే, నలుగురినీ ఒక చెట్టు కిందికి చేర్చేందుకు పుట్టిన ఆచారం చెట్టుకొక కులాన్ని చేర్చేదాకా వచ్చిందనిపిస్తుంది. వీధివాళ్లంతా, ఆఫీసువాళ్లంతా, పాత బడి మిత్రులంతా కలిసి తిన్న రోజున కూర రుచి వేరు. అమెరికాలో ఏ ఊరి పార్కులోనో ఎండాకాలం ఆదివారం కూడే మనవాళ్లు ఒక విధంగా నయం. అక్కడ పక్క బల్ల దగ్గరున్నవాళ్లది గుంటూరా, కరీంనగరా, కర్నూలా అని అడిగేది గోంగూర వాళ్ల సీసాలోంచి వడ్డించుకోవడానికే.

షికారుకు తోబుట్టువు వ్యాపకం. హాబీకి మనవాళ్లు వాడే మాటల్లో ఇదే చక్కనిది; మనసంతా వ్యాపించేది వ్యాపకం. పక్కనే దాని దాయాది వ్యాపారం ఉంది. ఈ రోజుల్లో మొదటిది మొలకెత్తగానే రెండోది వచ్చి కూర్చుంటోంది. అమ్మాయి ముగ్గు బాగా వేస్తే ‘ఛానెల్ పెట్టు’ అంటాం. అబ్బాయి కేకు చేస్తే ‘ఆర్డర్లు తీసుకో’ అంటాం. పిల్లవాడు చదరంగం ముందు కూర్చుంటే రేటింగు ఎంతని అడుగుతాం. బతుకుతెరువు కోసం వ్యాపారం చేయడంలో తప్పేమీ లేదు. కానీ ఇంట్లో ప్రతి సరదాకూ ధర కట్టడం మొదలెడితే, చేతకాకపోయినా చేసుకునే పని అంటూ ఒక్కటీ మిగలదు. శ్రుతి తప్పుతూ పాడుకునే హక్కు, వంకర గీతలతో బొమ్మ గీసుకునే హక్కు, ఓడిపోతూ క్యారమ్స్ ఆడుకునే హక్కు వ్యాపకంలోనే ఉన్నాయి.

కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఇంటికప్పు మీద కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అన్న మాటను ఇంటింటి మాటగా చేశారు. ఆ దారిలో నడిచే ఇళ్లలో ఆదివారం ఉదయం ఎలా ఉంటుందో చూడాలి. అత్తగారు టమాటా మొక్కకు పుల్ల కడుతుంటుంది, మనవరాలు వంగపిందెలు లెక్కపెడుతుంటుంది. కొడుకు మట్టి తొట్టి జరపబోయి నడుం పట్టేసి కూలబడతాడు. చివరికి కోసినవి నాలుగు బెండకాయలు. నలుగురికి కూర చాలదు, పులుసులోకి సరి. బజారులో అవి పదిరూపాయలు కూడా చేయవు. ఇరుగమ్మకు రెండు ఇచ్చి రమ్మని మనవరాలిని పంపినప్పుడు మాత్రం వాటి విలువ చెప్పలేం. పక్కింటి తలుపు ఏ రంగో ఆ పిల్లకు అప్పుడే తెలిసి ఉంటుంది.

స్నేహాలకూ ఈ నీరు పోయాల్సిందే. నలభై దాటాక మిత్రులు ఫోనులో పొద్దుటి శుభోదయాలుగా మిగిలిపోతారు. పూలబొమ్మ వస్తుంది, మనిషి రాడు. హుస్సేన్‌సాగర్ కట్ట మీద ఆదివారం సాయంత్రాలు బళ్లు ఆపేసి మనుషులను నడవనిచ్చే ప్రయోగం 2021లో జరిగింది. హారన్ల మధ్య అరుచుకునే దారిలో ఉన్నట్టుండి పిల్లల ఈలలు, సైకిల్ గంటలు, బుడగలవాడి పిలుపు వినిపించాయి. పక్కన నడిచేవాడితో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చునని జనానికి అప్పుడు గుర్తొచ్చింది. స్నేహితులు ఎదురెదురుగా కూర్చుంటే చెప్పుకోవడానికి ఏదో ఒక విషయం ఉండాలి. పక్కపక్కన నడుస్తుంటే ఆ అవసరమూ లేదు. ఊరికే నడుస్తున్నప్పుడే, ఏ మూడో మలుపులోనో, ‘నాన్నకు ఒంట్లో బాగాలేదురా’ అన్న మాట బయటికొస్తుంది. అది కబురుగా వాట్సాప్‌లో పెట్టలేక వారం రోజులుగా మోస్తున్న మాట.

ఆదివారం లేనివాళ్లున్నారు. మన షికారు బస్సు నడిపే డ్రైవరు, టికెట్టు కొట్టే కండక్టరు, ఆసుపత్రి నర్సు, అపార్టుమెంటు కాపలాదారు, బిర్యానీ డబ్బా తెచ్చే కుర్రాడు. మనకు సెలవైన రోజే వాళ్లకు పని ఎక్కువ. ఇంకొకరు ఇంట్లోనే ఉన్నారు. ‘ఆదివారం కదా’ అని మిగతావాళ్లు ఆలస్యంగా లేచి, మాంసం, మసాలా వాసనల కోసం ఎదురుచూసే పూట ఆమెకు రెండింతల చాకిరీ. షికారుకు బయల్దేరినా పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, పిల్లల స్వెట్టర్లు సర్దేది ఆమె. తిరిగొచ్చాక మట్టికొట్టుకున్న గిన్నెలు కడిగేదీ ఆమే. ఆ పెద్దమనిషి చేతికి విసనకర్ర ఇవ్వడంలో వనభోజనం గొప్పతనం ఉంది. ఆ సద్బుద్ధి ఏడాదికొక్క ఆదివారంతో ఆరిపోకూడదు. ఇంట్లో అందరికీ సెలవు దొరికిన రోజునే ఇంటికి సెలవు.

వేటలోంచి షికారు పుట్టినట్టే, ఒక మనిషి బతుకులోనూ జరిగింది. బొంబాయిలో ఓ పిల్లవాడు ఆటతుపాకీతో పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుంటే దాని గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిచ్చుకని అడిగితే, మేనమామ అతణ్ని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, భద్రపరచిన పిట్టల అరలు ఒక్కొక్కటే లాగి చూపించాడు. ఆ పిల్లవాడే సలీం అలీ. 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి మన పిట్టల లెక్క రాసినవాడు, 1941లో భారతదేశపు పక్షుల గురించి పుస్తకం రాసి ఎన్నో ఇళ్లలో ఆదివారాలకు కొత్త వ్యాపకం ఇచ్చినవాడు. ఆ వ్యాపకానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా సాగే పిట్టల లెక్కింపులో చేరాలంటే 15 నిమిషాలు ఒకచోట నిలబడి చూస్తే చాలు, మన పెరడైనా సరే. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. అపార్టుమెంట్ల నడుమ నీటిపక్షులు ఇంకా దిగుతున్న చెరువది.

గుంటూరుకు కూతవేటు దూరంలో ఉప్పలపాడు చెరువుంది. సంక్రాంతి దాటిన ఓ ఆదివారం సాయంత్రం తాత, తండ్రి, ఏడేళ్ల పిల్ల గట్టుమీద నిలబడ్డారు. చెరువు నడుమ చెట్లన్నీ పిట్టలతో వంగిపోయాయి. ఎర్రకాళ్ల కొంగలు, నల్లతల కంకణాలు, బరువుగా వాలే గూడబాతులు. పిల్ల లెక్క మొదలెట్టి నూట పదిదాకా వెళ్లింది. ఇంతలో పడమటి నుంచి ఇంకో గుంపు దిగేసరికి లెక్క చెదిరింది. తండ్రి ఫోను తీసి నాలుగు ఫొటోలు కొట్టాడు. చూస్తే తెరమీద బూడిదరంగు ఆకాశం, నాలుగు తెల్లచుక్కలు. వేటకు చిక్కలేదు. ఫోను జేబులో పడేసి, తండ్రి గట్టుమీద చతికిలబడ్డాడు. అప్పుడు కనిపించింది గూడు. తల్లి గూడబాతు సంచిలాంటి దవడ తెరిస్తే, గూట్లోని పిల్ల తన తల, మెడ అంతా ఆ సంచిలోకి దూర్చి చేపలు వెతుక్కుంటోంది. తాత ‘అదిగో, అదిగో’ అన్నాడు. పొద్దు గుంకేదాకా ముగ్గురూ మళ్లీ మాట్లాడలేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ వాకిట్లోనే అడిగింది, ‘ఏం తెచ్చావే?’ అని. పిల్ల ఖాళీ చేతులు చాపి చూపించింది. తరవాత తాత భుజాన ఉన్న గుడ్డసంచి లాక్కుని, తల, మెడ అంతా అందులో దూర్చి, ‘ఇలా తింటుంది నాయనమ్మా!’ అంది.